ముందు ఏ పని?

ప్రాతఃకాలమున కన్ను తెరచిన గృహస్థునకు మొట్టమొదట ఎదురగు ప్రశ్న మోక్షమును గూర్చినది కాదు. "ఈ దినము ముందు ఏ పని?" అన్నదే. చేతిలో పది పనులుండును. పగలు ఒక్కటే. పదింటిలో ఒకదానిని ముందునకు తెచ్చిన వెంటనే తొమ్మిది వెనుకకు జరుగును. ఇంతవరకు చూచిన ఇది కేవలము లెక్కకు సంబంధించిన విషయముగా తోచును. కాని ఆ తొమ్మిది పనుల వెనుకను మనుష్యులు కలరు. బాకీ తిరిగి రావలసిన పొరుగువాడు, మందు తెచ్చెదనని కుమారుని వలన మాట పొందిన ముసలితల్లి, రాని లెక్కను చెప్పించుకొనుటకు పుస్తకముతో వాకిట నిలిచిన బిడ్డ. వీరిలో నేడు ఎవరిని వేచియుండుమందుము? పనులకు వరుస ఏర్పరచుట యనగా, ఎవరు వేచియుండవలెనో నిర్ణయించుట. అందుచేత ఈ ప్రశ్నను నేర్పరులకు మాత్రమే విడిచిపెట్టక, ధర్మదృష్టితో కూడ విచారింపవలసియున్నది.

శరణులలో ఈ ప్రశ్నకు సూటిగా సమాధానము చెప్పినవాడు ఆయ్దక్కి మారయ్య. పన్నెండవ శతాబ్దమున కల్యాణపురమునందు బసవేశ్వరుని చుట్టును చేరిన శరణగణములో నాతడొకడు. రాయచూరు ప్రాంతపు అమరేశ్వరము నుండి భార్యయగు లక్కమ్మతో కల్యాణమునకు వచ్చి స్థిరపడెను. నేలపై జారిపడిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆతని కాయకము. కన్నడమున 'అక్కి' యనగా బియ్యము. ఏరిన బియ్యముతో బ్రతికినవాడు గనుక ఆ పేరు వచ్చెను. ఆ గింజలతోనే ఆ దంపతులు నిత్యము జంగమ దాసోహము జరిపిరి.

ఈ మారయ్య ఒక వచనమున, పనిలో లీనమైనవానికి గురువును, లింగమును, జంగముడును సైతము ఆ సమయమున రెండవ స్థానమునకు పోవుదురని నిర్ణయించెను. కైలాసమును కూడ ఆ పనిలోనే చూపెను. ఇది సామాన్యమైన మాట కాదు. మన అష్టావరణములలో తొలి మూడును గురు లింగ జంగమములే. వానికంటె ముందు నిలుపదగినది మరియొకటి కలదని చెప్పుటకు ఎంత నిబ్బరము కావలెనో ఆలోచింపుడు. ఆ నిబ్బరము రాజాస్థానమున పెద్ద కొలువు చేయువానికి గాక, గింజలు ఏరుకొనువానికి కలుగుట మరింత గమనింపదగినది.

కాయకమే కైలాసమను భావము నేడు పంచాంగములమీదను, అంగడి పలకలమీదను, పెండ్లిపత్రికల మీదను కనబడుచున్నది. దానిని బసవేశ్వరుని మాటగా చెప్పుకొనువారు పలువురు కలరు. అది మారయ్య వచనములోనిది. కర్త పేరు మారుటవలన కలిగిన నష్టము స్వల్పమే. వచనమునకు తోక మాత్రము మిగిలి తల పోవుటయే అసలు నష్టము. తెల్లవారి ఆరు గంటలకు అంగడి తెరచి రాత్రి పది గంటలకు మూయు వర్తకుడు ఈ మాటను చెప్పి ఇంటివారి నోరు మూయించును. కార్యాలయమునుండి వచ్చినను కార్యాలయమును వెంటబెట్టుకొని వచ్చు ఉద్యోగి ఇదే మాట చెప్పును. వారికి మారయ్య అనుమతి ఇచ్చినాడా?

దీనికి సమాధానము మారయ్య యొద్ద కంటె లక్కమ్మ యొద్ద ఎక్కువగా దొరకును. తెలుగువారికి శివభక్తుల చరిత్రలను ద్విపదలో కట్టి ఇచ్చిన మహానుభావుడు పాల్కురికి సోమనాథుడు. ఈ దంపతుల సంభాషణము మాత్రము కన్నడ వచనములయందును, వానిని కూర్చి అల్లిన శూన్యసంపాదన గ్రంథమునందును కలదు. అందలి ఐతిహ్యము ఇట్లున్నది. ఒకనాడు మారయ్య శరణుల గోష్ఠిలో కూర్చుండి, తత్త్వవిచారణ రుచిలో పొద్దును మరచెను. అప్పుడు లక్కమ్మ వచ్చి, కాయకము నిలిచిపోయినదని జ్ఞాపకము చేసి పంపెను. గోష్ఠి చెడ్డది కాదు. అది అనుభవమంటపపు గోష్ఠి. ఐనను ఆ పూట జంగములకు పెట్టవలసిన గింజ ఇంకను నేలమీదనే యున్నది.

మారయ్య వేగిరపడి పోయెను. ఆనాడు ఆతనిని పరీక్షించుటకై వాకిట బియ్యము ఎక్కువగా చల్లబడియుండెనని కథ. ఆతడు నిత్యము తెచ్చుదానికంటె అధికముగా ఏరి మూటగట్టుకొని ఇంటికి వచ్చెను. లక్కమ్మ మూటను చూచెను. సంతోషింపలేదు. ఇంత ఎందుకు తెచ్చితివని అడిగెను. ఆశ రాజులకు తగునేమో గాని శివభక్తులకు తగదని చెప్పి, మనకు కావలసినంత ఉంచి, మిగిలినది తెచ్చినచోటనే పోసి రమ్మని ఆతనిని తిరిగి పంపెను.

ఒకే దినమున ఒకే ఇల్లాలు భర్తను రెండుమార్లు పంపినది. మొదటిమారు పనికి పొమ్మని. రెండవమారు పనివలన వచ్చిన అధికమును వదలి రమ్మని. ఈ రెండు పంపకములను కలిపి చదివినగాని మారయ్య వచనము అర్థము కాదని నా అభిప్రాయము. కాయకము గురు లింగ జంగమములకు ముందు నిలుచు అర్హత పొందినది, దానికి ఒక కొలత యున్నందువలన. ఈ పూటకు ఇన్ని గింజలు; అంతే. కొలత దాటిన తరువాత అది ఎంత శ్రమతో కూడినదైనను కాయకమనిపించుకొనదు. కొలత లేని పనిని అన్నిటికంటె ముందు నిలిపినవాడు, ఆశకు కైలాసమని పేరుపెట్టి దానినే పూజించుచున్నాడు. నులియ చందయ్య కథయు దీనికి తోడు నిలుచును. గడ్డి కోసి త్రాళ్లు పేని అమ్మి దాసోహము చేసిన ఆ శరణుడు, నీటిలో గడ్డి కోయునపుడు ఇష్టలింగము జారిపడినను పని విడువలేదని చెప్పుదురు. ఆతడే, తన త్రాటికి న్యాయమైన వెలను మించి ధనము రాగా అంగీకరింపలేదనియు చెప్పుదురు. మొదటి సగమును విని ఆశ్చర్యపడువారు రెండవ సగమును వినకమునుపే లేచిపోవుచున్నారు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. "పనిలో నున్నవాడు పూజను మరువవచ్చునన్నచో, ప్రాతఃకాల లింగార్చన అక్కరలేదా?" అని. ఈ ఆక్షేపణ చేయువారిలో కొందరు నిజముగా సందేహించువారు. కొందరు సెలవు కోరువారు. రెండవ తెగవారిని నేను గమనించియున్నాను. మారయ్యను ఉదాహరించి లింగార్చన మానినవారు వార్తాపత్రికను గాని, సెల్‌ఫోనును గాని మానిన దాఖలా నాకు కనబడలేదు. నిజమైన సందేహమునకు సమాధానమేమనగా, మారయ్య మాట చేపట్టిన పనిని నడుమ విరువకుండుటను గూర్చినది. పనుల పట్టికలో ఏది మొదట వ్రాయవలెనన్న ప్రశ్న వేరు. చేతనున్న పనిని ఎవరు పిలిచినను విడువవచ్చునా యన్న ప్రశ్న వేరు. గింజ ఏరునపుడు గింజమీదనే దృష్టి. లింగమును కరస్థలమున నిలిపినపుడు లింగముమీదనే దృష్టి. పూజాసమయమున అంగడి లెక్క వేసికొనువాడును, అంగడిలో కూర్చుండి ముక్తిని గూర్చి నిట్టూర్చువాడును మారయ్య దృష్టిలో ఒకే తప్పు చేయుచున్నారు.

మనస్తత్త్వశాస్త్రము కూడ ఈ విషయమున శరణులకు సమీపముగనే వచ్చినది. 2009లో సోఫీ లెరాయ్ అను పరిశోధకురాలు ప్రచురించిన పరిశీలనము ప్రకారము, ఒక పనిని అసంపూర్ణముగా విడిచి మరియొక పనికి పోయినవాని మనస్సులో మొదటి పని కొంత అంటుకొనియే యుండును. అందువలన రెండవ పనిలో ఆతని నేర్పు తగ్గును. అన్నము వండిన గిన్నెను కడుగకయే పాలు కాచినట్లన్నమాట. సెల్‌ఫోను జేబులోనికి వచ్చిన తరువాత మన గిన్నెలు కడుగబడుటయే లేదు. పాఠము చెప్పుచుండగా ఒక మ్రోత, దిద్దుచుండగా ఒక మ్రోత. మ్రోగినదెల్ల జంగముడు కాదు గదా!

ఇక పట్టికలో వరుస యెట్లు ఏర్పరుపవలెను? దీనిని పుస్తకములలో వెదకనక్కరలేదు. రైతును చూచిన చాలును. ఆతని భాషలో అదను, పదును అను రెండు మాటలున్నవి. అదను కాలమునకు చెందినది. పదును నేలలోని తడికి చెందినది. అనంతపురపు ఎర్రనేలలలో వేరుశనగ విత్తు రైతు, వాన కురిసిన మరునాడు ఇంట శుభకార్యమున్నను గొర్రు కట్టును. ఏలయన ఆ నేలలో పదును కొలది దినములే నిలుచును. బంధువులకు క్షమాపణ తరువాత చెప్పుకొనవచ్చును. ఆరిన నేలకు ఏమి చెప్పుకొన్నను వినదు. తిరిగి పిలిచినను రాని పనిని ముందు చేయుట, పిలిచినపుడు వచ్చు పనిని తరువాత చేయుట, ఇదియే ఆతని సూత్రము. పనులను పెద్దవి చిన్నవి యని గాక, మరల దొరకునవి దొరకనివి యని విభజించుటలో గొప్ప వివేకమున్నది.

వంటయింటిలో మరియొక సూత్రము కలదు. రేపటి దోసెలకు మినపప్పును నేడే నానవేయవలెను. పాలకు తోడు రాత్రియే వేయవలెను. చేయి ఆడునది ఒక నిమిషము. తరువాత ఎనిమిది గంటలు పని తనంతట తానే జరుగును. ఆ ఒక్క నిమిషము మరచినవాడు మరునాడు రెండు గంటలు శ్రమించినను పెరుగును తేలేడు. పిల్లవానిచేత దినమునకు పది పంక్తులు గట్టిగా చదివించుట, పాడి గోడకు నీరు పట్టకమునుపే పెంకు సరిచేయుట, అలిగిన అన్నదమ్ములకు ఒక మంచి మాట కబురు పంపుట, ఇవి యన్నియు తోడు వేయుట వంటివే. చిన్నవి గనుక వెనుకకు పోవుచున్నవి. చిన్నవి గనుకనే ముందు చేయవలసినవి.

ఈ రెండు సూత్రములు తెలిసినను మనము ఏల తప్పుచున్నాము? పనులకు గొంతులుండుటవలన. ఉపాధ్యాయ వృత్తిలో నేనెరిగిన ఉదాహరణమునే చెప్పెదను. పాఠశాలకు పైనుండి వచ్చు ప్రతి నివేదికకును ఒక గడువు తేది కలదు. హాజరుపట్టీకి గడువు కలదు. మధ్యాహ్న భోజనపు లెక్కకు గడువు కలదు. పరీక్షాపత్రములు దిద్దుటకు గడువు కలదు. గడువు దాటినచో అడుగువారున్నారు. కాని ఆరవ తరగతిలో వెనుక బల్లమీద కూర్చుండి, గుణింతము కూడ సరిగా రాక, పుస్తకమును తెరచి చదువుచున్నట్లు నటించు బాలుడున్నాడు. వానికి గడువు తేది లేదు. వానిని గూర్చి ఏ కాగితమును రాదు. వాడును నోరు తెరచి అడుగడు. అడిగినచో తోటివారు నవ్వుదురు. అందుచేత సోమవారము వాడు వెనుకకు పోవును, మంగళవారము పోవును, సంవత్సరాంతమున ఏడవ తరగతికి పోవును. అటుపిమ్మట వేరొకరి తరగతిలో అదే వెనుక బల్లమీద కూర్చుండును.

1954లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఒక ప్రసంగమున, తొందరపెట్టు పనులును ముఖ్యమైన పనులును సాధారణముగా ఒకటి కావను భావమును మరియొకరి మాటగా పేర్కొనెను. నేడు కార్యనిర్వహణ గ్రంథములన్నిటిలో ఈ విభజన కనబడుచున్నది. మంచిదే. ఐనను ఆ గ్రంథములు "నీకు ఏది ముఖ్యము?" అని అడిగి ఊరకుండును. శరణుల ప్రశ్న మరియొక అడుగు ముందునకు పోవును: నోరులేని ఎవనిని నీవు ప్రతిదినము వెనుకకు నెట్టుచున్నావు? గింజ నేలమీద పడినపుడు అందరును దానిని త్రొక్కి పోయిరి. వంగి ఏరినవాడు మారయ్య.

నేను ఉపాధ్యాయ మిత్రులకు చెప్పు ఉపాయము స్వల్పమైనది. ఉదయపు ప్రార్థన గంటకు ముందు అరగంటను నివేదికలకు ఈయవలదు. ఆ అరగంట ఇరువురు ముగ్గురు వెనుక బల్ల పిల్లలది. కార్యాలయపు కాగితము ఎట్లును తన గొంతుతో తాను పిలిచి పని చేయించుకొనును. దానిని గూర్చి దిగులుపడనక్కరలేదు. ఈ విధముగా ఆరు మాసములు నడపినయెడల, పేరు చదువలేని పిల్లవాడు బస్సుమీది ఊరిపేరు చదువును. ఆ దినమున వాని ముఖమును చూచినవారికి వేరు నివేదిక అవసరములేదు.

ఇదే ప్రశ్నను మన ఇండ్లలోనికి తెచ్చినయెడల కొంత కష్టముగా నుండును. ఐనను తేవలెను. వీరశైవమున స్త్రీకిని పురుషునకును లింగధారణమున భేదము లేదని మనము సభలలో గర్వముగా చెప్పుకొనుచున్నాము. నిజమే. కాని ఉదయమున లింగార్చన ఏ వేళకు ఎవరికి జరుగుచున్నదో ఒక్కసారి గడియారము చూడుడు. యజమాని స్నానమైన వెంటనే పీటమీద కూర్చుండును. నీరు సిద్ధముగా నున్నది, పత్రి పుష్పములు సిద్ధముగా నున్నవి, విభూతి అందుబాటులో నున్నది. అవి యెవరు సిద్ధము చేసిరి? ఆమె తన మెడలోని లింగమును చేతికి తీసికొనునప్పటికి పిల్లలు బడికి పోవలెను, అత్తగారికి మందు ఈయవలెను, ఫలహారము కావలెను, అంగడికి భోజనము కట్టవలెను. పది గంటలు దాటును. కొన్ని దినములు ఆ కొలది నిమిషములును దొరకవు. ఆమె పట్టికను ఆమె వ్రాసికొనుట లేదు. ఇంటిలోని అందరి పట్టికలు కలిసి ఆమె పట్టిక యగుచున్నది. "ఏకాగ్రత అలవరచుకొనుము" అని ఆమెకు బోధించుట సులభము. ఆమె ఏకాగ్రతను రెండు నిమిషములకొకసారి విరుచుచున్నవారము మనమే.

ఇట్టి ఇంటిలో ముందు ఏ పని యన్న ప్రశ్నకు సమాధానము పురుషుని పట్టికలోనే మొదలు కావలెను. తన పూజకు తానే నీరు తెచ్చుకొనుట, పిల్లవానిని తానే బడికి సిద్ధపరచుట. ఈ రెండు పనులు ఆతని పట్టికలో చేరినచో ఆమెకు అరగంట మిగులును. ఆ అరగంటలో ఆమె లింగార్చన చేసినను, ఊరక కూర్చుండినను అది ఆమె యిష్టము. మారయ్య ఇంటిలో కాలమునకును కొలతకును కర్త లక్కమ్మయే యైయుండెనని మరల ఒకసారి జ్ఞాపకము చేసికొందము. భర్తకు పొద్దు గుర్తుచేయగల ఇల్లాలికి తన పొద్దు తనకుండెను.

సరియైన పనిని ముందునకు తెచ్చినంతమాత్రమున మనస్సు తేలికపడునని అనుకొనరాదు. 1948 జనవరి 30న ఢిల్లీలో గాంధీమహాత్ముడు సర్దారు పటేలుతో మాటలాడుచు సాయంప్రార్థనకు వేళ మించిపోవుచున్నను లేవలేకపోయెను. నెహ్రూ పటేలుల నడుమ ఏర్పడిన భేదమును తీర్చుటకు సంబంధించిన సంభాషణ అది. విడిచి లేచునట్టిది కాదు. ఐదు గంటల ప్రార్థనకు ఆయన బయలుదేరునప్పటికి పది నిమిషములు దాటినది. చేతనున్న పనిని విరువకుండుట ధర్మమే. ప్రార్థనకు వేచియున్న జనమును వేచియుండజేయుట ఆయనకు కష్టముగనే తోచినది. నడచుచునే ఆ ఆలస్యమునకు వెంటనున్న బాలికలను మందలించెనని వారే తరువాత చెప్పిరి. ఆ ప్రార్థనాస్థలముననే ఆయన హత్య జరిగినది. ఎవనిని వెనుకకు జరిపితిమో వానికి ఋణపడియుందుమన్న తెలివి, పనుల వరుస సరియైనప్పుడు కూడ పోగూడదు. ఆ తెలివి గలవాడే రేపటి పట్టికలో వానిని ముందునకు తెచ్చును.

మన మఠములలో ఈ వరుస మరింత కఠినముగా పరీక్షకు వచ్చుచుండును. పెద్దలు దర్శనమునకు వత్తురు, అధికారులు వత్తురు, ఉత్సవములుండును, సన్మానములుండును. ఆ సందడిలో పిల్లల పంక్తి ఎంతసేపు ఆకలితో కూర్చుండునో చూచి ఆ మఠపు కాయకమును కొలువవచ్చును. తుమకూరు సమీపమున నున్న సిద్ధగంగా మఠము అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమునకు ప్రసిద్ధి కెక్కినది. వేలకొలది బాలురు అచ్చట ఉండి చదువుకొనుచున్నారు. ఆ మఠాధిపతులైన శివకుమార స్వామివారు నూటపదకొండు సంవత్సరముల వయస్సున 2019 జనవరి 21న లింగైక్యులైరి. వారు కన్నుమూసినది పగటిపూట, మధ్యాహ్న భోజనమునకు ముందు. ఆ వార్తను వెంటనే వెల్లడింపలేదు. పిల్లలు ఆకలితో ఉండరాదనియు, వారి భోజనమైన పిమ్మటనే తెలుపవలెననియు స్వామివారి కోరిక యని ఆనాటి పత్రికలు వ్రాసినవి. పంక్తులలో వడ్డన జరిగినది. బాలురు నిత్యమువలె భుజించి చేతులు కడిగికొనిరి. అటుపిమ్మట వారికి చెప్పిరి.